పూర్వపక్షము లేని సిద్ధాంతగ్రంథములు



తెలుగువారు పిహెచ్.డి. పట్టమునకై సమర్పించు రచనకు సిద్ధాంతగ్రంథమని పేరు పెట్టుకొనిరి. ఆ పేరు ఒక బాధ్యతను కూడ మోయుచున్నది. శాస్త్రసంప్రదాయములో సిద్ధాంతము ఒంటరిగా నిలువదు. ముందు ఒక విషయము, దానిపై ఒక సంశయము ఉండవలెను. ఆ సంశయమునకు ఇతరులు చెప్పిన సమాధానము తన యుక్తులతో సహా నిలువబడవలెను. ఆ యుక్తులలోని లోపము చూపిన పిమ్మటనే సిద్ధాంతమునకు అవకాశము. పూర్వపక్షము లేని సిద్ధాంతము ప్రతివాది లేని వాదము వంటిది. అందు గెలుపు అను మాటకు అర్థము లేదు. అయినను నేడు విశ్వవిద్యాలయములకు చేరుచున్న గ్రంథములలో అనేకము పూర్వపక్షము లేకయే సిద్ధాంతమను పేరు ధరించి వెలువడుచున్నవి.

దాని ఫలము మౌఖికపరీక్షనాడు బయటపడును. పరీక్షకుడు "ఇందు నీవు క్రొత్తగా స్థాపించినదేమి?" అని అడుగును. ఐదేండ్లు శ్రమించిన విద్యార్థి తాను చేసిన పనుల పట్టికను అప్పగించును: ఇన్ని గ్రంథములు చదివితిని, ఇన్ని గ్రామములు తిరిగితిని, ఇన్ని నమూనాలు సేకరించితిని, ఇన్ని పట్టికలు కూర్చితిని. ప్రశ్న ఫలమును గూర్చినది. ఉత్తరము శ్రమను గూర్చినది. సభ చిరునవ్వు నవ్వును, పట్టము లభించును, గ్రంథము అలమారలోనికి పోవును. లేదా పరీక్షకుడు కఠినుడైనచో, నిజముగా విలువైన పని చేసిన విద్యార్థి కూడ దానిని చెప్పలేక అవమానితుడగును. ఈ రెండును అనర్థములే. దోషమును విద్యార్థిపై వేయుట సులభము గాని న్యాయము గాదు. ఆ ప్రశ్న అతనిని చివరిదినమున మొదటిసారి విన్నవానిగా చేసినవారు గురువులు.

ఈ దేశమునకు ఈ చర్చ ఎందుకు

చింతలపూడి మెట్టనుండి కొల్లేటి లంకలవరకు గల ప్రాంతమునకు ఈ విచారము పరాయిది కాదు. ఒకప్పుడు ఇక్కడి బిడ్డ పరిశోధన చేయదలచినచో వాల్తేరుకో హైదరాబాదుకో పోవలసివచ్చెడిది. నేడు తాడేపల్లిగూడెములో 2015లో ఏర్పడిన ఎన్.ఐ.టి. ఉన్నది. దాని సమీపముననే వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము ఉన్నది. ఒకనాడు శాలంకాయనుల రాజధానియైన పెదవేగిలో ఆయిల్ పామ్ పంటపై పరిశోధించు కేంద్రసంస్థ ఉన్నది. రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ పేర విశ్వవిద్యాలయము వెలసినది. రైతుల, చేపలచెరువుల కూలీల, చిన్నవర్తకుల, అర్చకుల ఇండ్లనుండి మొదటితరపు పరిశోధకులు బయలుదేరుచున్నారు.

వీరి ఇంట పరిశోధనయనగా ఏమో చెప్పగల పెద్దలు లేరు. నగరమునందలి ఆచార్యుని బిడ్డ భోజనము వేళ విని నేర్చుకొను విషయమును వీరికి గురువే నోరు తెరచి చెప్పవలెను. చెప్పనిచో వీరి శ్రమ ఉండును, పేరు ఉండదు. విషయము ఉండును, వినువాడు ఉండడు. తమ పరిశోధన ఏమి సాధించినదో చెప్పగలుగుట వీరికి ఉద్యోగము, గౌరవము, తరువాతి పరిశోధనకు ద్వారము. అది లేని పట్టము గోడకు వ్రేలాడు కాగితము మాత్రమే.

మూడు ఆభాసలు

హేతువువలె కనబడి హేతువు కానిదానిని నైయాయికులు హేత్వాభాసమందురు. నేడు అపూర్వత విషయమున మూడు ఆభాసలు రాజ్యమేలుచున్నవి.

మొదటిది శాతము. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2018లో గ్రంథచౌర్యనివారణకై నిబంధనలు చేసినది. ఇతరగ్రంథములతో సాదృశ్యము 10 శాతమువరకు ఉన్నచో దండన లేదు. 10 నుండి 40 వరకైనచో ఆరుమాసములకు మించని గడువులో సవరించి ఇయ్యవలెను. 40 నుండి 60 వరకైనచో సవరించినదానిని ఒక సంవత్సరము సమర్పింపరాదు. 60 దాటినచో పరిశోధకుని నమోదే రద్దగును. దొంగను పట్టుటకు ఈ నిబంధన మంచిదే. కాని దొంగ కాడని తేలినంత మాత్రమున ఒకడు దాత కాడు. నేడు "ఏడుశాతము మాత్రమే వచ్చినది" అను మాట గ్రంథమునకు అపూర్వతాపత్రమైనది. విద్యార్థి పదములను పర్యాయపదములతో మార్చి యంత్రమును తృప్తిపరచుచున్నాడు. చెరువును తటాకమన్నంత మాత్రమున క్రొత్త చెరువు త్రవ్వినట్లు కాదు. ఇంతకంటె ఘోరమైనది మరొకటి కలదు. ఆధారము చూపి ఉద్ధరించిన భాగమును ఆ నిబంధనలే లెక్కనుండి మినహాయించినవి. అయినను శాతభయముచే విద్యార్థి పూర్వపక్షిని అతని మాటలలో ఉదాహరించుట మానివేయుచున్నాడు. ఎవని వాదమును కాదనుచున్నాడో అతని వాదము గ్రంథములో లేకుండపోవుచున్నది.

రెండవది "ఇదే ప్రథమము" అను ప్రకటన. ఏలూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. కావున ఏలూరు జిల్లా పేర ఏ విషయమును గూర్చి వ్రాసినను మొదటివాడు ప్రథముడే. ఇది జ్ఞానమునందలి క్రొత్తదనమా, గెజిట్ ప్రకటనలోని క్రొత్తదనమా? ఒక పర్వతముపై పొగను చూచి అగ్నిని అనుమించినవాడు, మరునాడు ప్రక్కకొండపై పొగ చూచి క్రొత్తవ్యాప్తిని కనుగొంటినని చాటడు. ప్రక్కకొండపై పొగ ఉండి అగ్ని లేదని చూపగలిగినచో అప్పుడది శాస్త్రమునకు వార్త. దేశభేదము పరిశోధనకు కారణము కావచ్చును; ఆ దేశమున పూర్వనియమము ఎందుకు తప్పవచ్చునో చెప్పినప్పుడు మాత్రమే.

మూడవది అర్థవాదము. కొల్లేటిపై వ్రాయు గ్రంథము తెరచినచో సరస్సు మహిమ పుటలు పుటలుగా ప్రవహించును: కృష్ణాగోదావరుల నడుమ ఉన్నది, 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది, 2002లో రాంసర్ జాబితాలో చేరినది, 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టబడినవి, ఆటపాకకు పెలికాన్ పక్షులు వచ్చును. అన్నియు సత్యములే, అన్నియు పూర్వమే తెలిసినవే. మీమాంసకులు అర్థవాదమును నిరర్థకమని త్రోసివేయలేదు. విధితో ఏకవాక్యత పొందినప్పుడే దానికి సార్థక్యమని నిర్ణయించిరి. విధి లేని అర్థవాదము వరుడు లేని ఊరేగింపు. గుంటుపల్లి గుహలపై గ్రంథములో బౌద్ధమతచరిత్ర నూరుపుటలు నింపి, ఆ గుహలగూర్చి తాను నిర్ణయించినది అరపుటలో ముగించువాడు చేయునదియు ఇదే.

ఆధునికులను మాత్రమే తప్పుపట్టుట పక్షపాతము. సంస్కృతశాస్త్రములలో విద్యావారిధి పట్టమునకై వచ్చు గ్రంథములు సైతము ఈ రోగమునకు అతీతములు కావు. ఏదో ఒక ప్రకరణగ్రంథము పేరు చెప్పి చివర "సమీక్షాత్మకమధ్యయనమ్" అని తగిలించినచో శీర్షిక సిద్ధము. అందులో సంశయమెక్కడ? మూలమును విప్పి, వ్యాఖ్యను కుదించి, పదార్థములను వరుసపెట్టి చివర మంగళము పాడుట పాఠమగును గాని సిద్ధాంతము కాదు. అధికరణపద్ధతిని కంఠస్థము చేసినవారే తమ గ్రంథములలో దానిని పాటింపకుండుట ఇతరులకంటె ఎక్కువ నింద్యము.

శాస్త్రము ఇచ్చిన కొలత

అపూర్వతను కొలుచుటకు సంప్రదాయములో స్పష్టమైన మానము ఉన్నది. ధర్మరాజాధ్వరీంద్రుని వేదాంతపరిభాష ప్రమను నిర్వచించుచు రెండు విశేషణములు చెప్పినది: విషయము అనధిగతము కావలెను, అబాధితము కావలెను. అంతకుముందు తెలియనిది కావలెను. తరువాత వచ్చిన ప్రమాణము త్రోసివేయనిది కావలెను. స్మృతిని కూడ ప్రమగా అంగీకరించువారికి మొదటి విశేషణము అక్కరలేదని కూడ ఆ గ్రంథమే చూపినది. కాని పరిశోధనకు రెండును తప్పవు. అనధిగతమై బాధితమైనది భ్రాంతి. అబాధితమై అధిగతమైనది అనువాదము. నిప్పు చలిని పోగొట్టునను మాట సత్యమే. దానిని తెలుపుటకు శాస్త్రమక్కరలేదు. "ఇది పూర్వము ఎవరికి తెలియదు?" "ఇది తప్పని ఎవరైన ఎట్లు చూపగలరు?" అను రెండు ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలవాడు తన గ్రంథపు ప్రాణమును పట్టుకొన్నవాడు.

క్రొత్తది అనగా మహాసిద్ధాంతమే కానక్కరలేదు. సంప్రదాయము వార్తికమునకు మూడు కృత్యములు చెప్పినది: ఉక్తమును విచారించుట, అనుక్తమును చేర్చుట, దురుక్తమును సవరించుట. పాణినిపై కాత్యాయనుడు చేసినది ఇదే. భాష్యకారుని శిష్యుడైన సురేశ్వరుడు బృహదారణ్యకభాష్యముపై వార్తికము రచించుటలో గురుద్రోహమును ఎవరును చూడలేదు. నేటి పరిశోధనలు అన్నియు ఈ మూడింటిలో ఏదో ఒకదానికి చెందును. ఒకడు పూర్వుల ఫలితమును క్రొత్త పరీక్షకు నిలిపి అది నిలుచునో లేదో చూచును. మరొకడు వారు వదలిన భాగమును పూరించును. వేరొకడు వారి దోషమును దిద్దును. "నీవు చేసినది ఈ మూడింటిలో ఏది?" అని గురువు అడిగినచో విద్యార్థి భయము సగము తీరును. మూడును గౌరవమైనవే, ఒకటి చేసి మరొకటి చేసితినని చెప్పుటయే దోషము.

ఈ విషయమున తెలుగుదేశపు పండితులిద్దరు ఆదర్శప్రాయులు. ఆంధ్రుడని ప్రసిద్ధినొందిన అన్నంభట్టు తర్కసంగ్రహపు మొదటిశ్లోకములోనే తన ప్రయోజనమును చెప్పెను: బాలురకు సుఖముగా బోధపడుట. పదార్థమును క్రొత్తగా కనుగొంటినని ఆయన అనలేదు. ఉన్నదానిని సులభము చేసితిననెను. ఆ మాట ఎంత నిజమో నేటికిని పాఠశాలలే సాక్ష్యము. కోనసీమలోని ముంగండ అగ్రహారమునకు చెందిన పండితరాయ జగన్నాథుడు దీనికి భిన్నధ్రువము. రసగంగాధరారంభమున ఉదాహరణశ్లోకములన్నియు తానే రచించినవని, పరులవి ఏవియు గైకొనలేదని ఆయన సగర్వముగా ప్రకటించెను. అప్పయ్యదీక్షితుని మతమును పేరుపెట్టి ఖండించెను. ఒకరు వినయమూర్తి, మరొకరు దర్పమూర్తి. కాని ఇద్దరును పాఠకుని అనుమానములో వదలలేదు. గ్రంథములో తమది ఏది, ఎంత, ఎవరికొరకు అనునది ఆరంభముననే తేల్చిరి.

ఒక కల్పితదృష్టాంతము

తత్త్వము స్పష్టపడుటకై ఒక ఉదాహరణమును కల్పింపవచ్చును. ఇందలి ఫలితము వాస్తవమని కాక, చెప్పు రీతి మాత్రము గ్రహింపవలెను. చింతలపూడి మండలమునందలి నాగిరెడ్డిగూడెమువద్ద తమ్మిలేటిపై జలాశయమున్నది. ఆ ఏరు ఏలూరు మీదుగా పోయి కొల్లేటిలో కలియును. బుడమేరును అందులోనికే వచ్చును. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. ఒక విద్యార్థి కొల్లేటినీటి దోషములను పరిశోధించెననుకొందము.

అతడు మొదట ఇట్లు వ్రాయును: "కొల్లేటినీటిపై ఇంత సమగ్రమైన అధ్యయనము ఇదే ప్రథమము." ఇది ఆభాసము, సమగ్రత ఎంతయో ఎవరు కొలిచిరి? గురువు మందలించినచో రెండవసారి ఇట్లు వ్రాయును: "ఇరువదిచోట్ల రెండేండ్లు నీటిని సేకరించి పరీక్షించితిమి." ఇది శ్రమ, ఫలము ఇంకను రాలేదు. సరియైన గురువు ఇక్కడ ఆగక అధికరణపద్ధతిని పట్టించును.

విషయము: వేసవిలో సరస్సునీటి దోషము. సంశయము: దీనికి కారణము ఏరులు తెచ్చు మలినమా, చేపలచెరువులు వదలు నీరా? పూర్వపక్షము: ఏరులే కారణము, వరదకాలమున మలినము పెరుగుట చూడబడినది గనుక. సిద్ధాంతము: ఏరు ఎండినమాసములలో సైతము చెరువులకు సమీపమున దోషము తగ్గలేదు; చెరువులు లేని భాగమున తగ్గినది; కావున అన్వయవ్యతిరేకములచే ఆ కాలమునకు, ఆ భాగమునకు చెరువులే ప్రధానహేతువు. ప్రయోజనము: నీటిని ఎక్కడ, ఏ మాసములలో పరీక్షింపవలెనో దీనివలన నిర్ణయింపవచ్చును. సంగతి: పూర్వులు వరదకాలమును చూచిరి, ఈ గ్రంథము ఎండకాలమును చూచినది, కావున ఇది అనుక్తపూరణము, వారి దోషప్రదర్శనము కాదు.

ఈ మాటలు ఒక పుటలో సగము. ఇందు శ్రమ కనబడకున్నను ఫలము కనబడుచున్నది. పైగా దీనిని ఎవరైన ఖండింపవచ్చును: ఆ మాసములలో మరొక మలినమార్గము ఉన్నదని చూపినచో ఈ సిద్ధాంతము బాధితమగును. ఖండింపబడుటకు వీలున్నదే నిలుచుటకు అర్హమైనది. ఇదే విద్యార్థి "దేశమందలి సరస్సులన్నింటికి ఇదే కారణము" అన్నచో అది అతివ్యాప్తి. "ఈ ఇరువదిచోట్ల మాత్రమే, ఆ రెండేండ్లు మాత్రమే" అని ముడుచుకొన్నచో అది అవ్యాప్తి. ఈ రెంటి నడుమ గీత గీయుటను నేర్పుటయే గురువు పని.

ఆక్షేపములు, సమాధానములు

మొదటి ఆక్షేపము: మీమాంస వాక్యవిచారము, ప్రయోగశాలకు దానితో పనియేమి? సమాధానము: ప్రమాణము మారును, ప్రతిపాదనరీతి మారదు. ఒకచోట శ్రుతి, మరొకచోట ప్రత్యక్షము, ఇంకొకచోట లెక్క సాధనము కావచ్చును. "ఇంతవరకు ఏమి తెలిసినది, సంశయమేమి, ఇప్పుడేమి తేలినది" అను క్రమము ఎక్కడను తప్పదు.

రెండవది సంప్రదాయవాదులనుండి వచ్చునది: ఋషులు చెప్పనిది ఏమున్నది? నేను క్రొత్తది చెప్పితిననుట అహంకారము కాదా? న్యాయమంజరీకారుడైన జయంతభట్టు సైతము నూతనవస్తువును ఊహించు శక్తి తమకు లేదని వినయముగా ఒప్పుకొనెను గదా! నిజమే. కాని ఆయన అక్కడ ఆగలేదు. వచనవిన్యాసమునందలి వైచిత్ర్యమును మాత్రము విచారింపవలసినదని పాఠకుని కోరెను. అనగా తన క్రొత్తదనము ఎక్కడ లేదో, ఎక్కడ ఉన్నదో కచ్చితముగా గీత గీసెను. వినయమనగా ఇదే. అంతయు పూర్వమే ఉన్నదని చెప్పి పట్టము మాత్రము పుచ్చుకొనుట వినయము కాదు, ఆలస్యము. వినయము పేర తన ఫలమును దాచుట, దర్పముతో లేనిదానిని చాటుట, రెండును అసత్యములే.

మూడవది గురువులనుండి వచ్చునది: సమయమెక్కడ? 2022 నిబంధనల ప్రకారము ఒక ఆచార్యునివద్ద ఎనమండుగురు పరిశోధకులుండవచ్చును. కాని ఆ నిబంధనలే పరిశోధకుడు ప్రతి సెమిస్టరునందు సలహాసంఘము ఎదుట తన పురోగతిని నివేదింపవలెనని విధించినవి. పట్టమునకు కనీసకాలము మూడేండ్లు. అనగా తక్కువలో తక్కువ ఆరుమారులు ఆ విద్యార్థి పెద్దల ఎదుట నిలుచును. ఆరుమారులును "ఎంత పని అయినది?" అని అడిగి, ఒక్కసారియు "ఏమి తేలినది?" అని అడుగనివారు సమయము లేదనుట చెల్లదు.

నాలుగవది: దీనికై పోటీలున్నవి గదా? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయము 2008లో పరిశోధనను మూడునిమిషములలో చెప్పు పోటీని ఆరంభించెను. అది దేశదేశములకు ప్రాకినది. భారతప్రభుత్వ శాస్త్రసాంకేతికశాఖ పరిశోధకులు తమ పనిని సామాన్యులకు తెలియునట్లు వ్యాసముగా వ్రాయుటకు 2018లో అవసర్ అను పోటీని స్థాపించెను. ఇవి మేలైనవే. కాని ఇవి అలంకారశాస్త్రము. న్యాయము ముందు రావలెను. చెప్పవలసినది తేలనివానికి చక్కగా చెప్పుట నేర్పినచో ఉత్సవవిగ్రహమును అలంకరించి మూలవిరాట్టును మరచినట్లగును.

చేయవలసినది

విధి లేనిచో ఈ వాదమును అర్థవాదమే యగును. కావున చేయవలసినవి నాలుగు.

నమోదైన మొదటిమాసముననే విద్యార్థి విషయ, సంశయ, పూర్వపక్ష, సిద్ధాంత, ప్రయోజనములను ఒక పుటలో వ్రాయవలెను. సిద్ధాంతము చోట అప్పటికి ఊహయే ఉండును, ఉండనిండు. ప్రతి సెమిస్టరు సమావేశమున ఆ పుటనే తిరుగవ్రాసి ముందుంచవలెను. పుట మారినకొలది పరిశోధన నడచుచున్నదని గుర్తు. ఎన్నడును మారనిచో విద్యార్థి వెదకుట లేదు, పూరించుచున్నాడు.

పూర్వపక్షమును పూర్వపక్షి సంతోషించునట్లు చెప్పించవలెను. అతనిని బలహీనుని చేసి ఓడించినవాడు గెలిచినట్లు కాదు. ఈ శిక్షణకు వాక్యార్థసభ వంటిది లేదు: ఒక సహాధ్యాయి పూర్వపక్షమును పట్టుదలతో వాదింపవలెను, విద్యార్థి నిలువబడి సమాధానము చెప్పవలెను. మాసమునకొకసారి ఒక గంట చాలును.

ఉపక్రమోపసంహారములను పక్కపక్కన పెట్టి చదువవలెను. మొదటి అధ్యాయము అడిగిన ప్రశ్నకు చివరి అధ్యాయము ఉత్తరమిచ్చుచున్నదా? వేరొక ప్రశ్నకు ఇచ్చుచున్నచో రెండింటిలో ఒకటి తిరుగవ్రాయవలెను. నడిమి అధ్యాయములు ప్రతియొక్కటి ఆ ఉత్తరమునకు ఏమి చేర్చినదో ఒక వాక్యములో చెప్పలేనిచో ఆ అధ్యాయము అర్థవాదము.

చివరగా, ఆ పుటను తెలుగులో వ్రాయింపవలెను. అధికారిభేదమున మాట మారును. శాస్త్రజ్ఞునికి చెప్పునది వేరు, కైకలూరు చెరువురైతుకు చెప్పునది వేరు. కాని మాతృభాషలో ఒక్కమారైన చెప్పలేనివాడు పరభాషలోని పదజాలము చాటున తన సంశయమునే దాచుచున్నాడని గ్రహింపవలెను. కొల్లేటినీటిపై తేలినది కొల్లేటివానికి తెలియకుండుట ఆ గ్రంథమునకు ప్రయోజనలోపము.

శ్రమను గౌరవించుట ధర్మమే. కాని పట్టము శ్రమకు కూలి కాదు. అనధిగతమును అబాధితముగా తెలిపినందుకు విద్వత్సభ ఇచ్చు గుర్తింపు. విద్యార్థి తాను తెలిపినదానిని తానే చెప్పగలుగునట్లు చేయని గురువు అతని ఐదేండ్లను తీసికొని కాగితమును ఇచ్చినవాడగును. సిద్ధాంతగ్రంథమను పేరును నిలుపుకొందురో, ఆ పేరును మార్చుకొందురో విశ్వవిద్యాలయములవారే నిర్ణయించుకొనవలెను.

ఇతి శమ్.